నోరులేని జీవికి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది? ల్యాబ్ ఎలుక ముఖం చెప్పే సంగతులు

ఈ ఎపిసోడ్‌లో ల్యాబ్‌లలో ప్రయోగాల కోసం వాడే జంతువుల నొప్పి గురించి మాట్లాడుకుందాం. టాపిక్ వినగానే కొంతమంది "అసలు జంతువుల మీద ప్రయోగాలే వద్దండి" అంటారు. ఇంకొంతమంది "మరి మందులెలా వస్తాయి?" అంటారు. ఆ గొడవ పెద్దది, ఈ రోజు పూర్తిగా అందులోకి దిగను. పైగా నేను ఆదివారం చికెన్ తినే మనిషిని, మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నా ప్రశ్న చిన్నది. ఆ ప్రయోగాలు జరుగుతున్నంత కాలం, బోనులో ఉన్న ఆ ప్రాణికి నొప్పి పుట్టిందని ఎవరికి తెలుస్తుంది? ఎలా తెలుస్తుంది? తెలిశాక ఏం చేస్తారు?

నేను బీటెక్ చదివి కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి. మా దగ్గర ఒక సర్వర్ పడిపోయిందంటే లాగ్ చూస్తాం. ఎర్రర్ మెసేజ్ ఉంటుంది, టైమ్ ఉంటుంది. ఏ మెసేజూ రాకపోతే అంతా బాగానే ఉందనుకుంటాం. చాలాసార్లు మెసేజ్ పంపే భాగమే చచ్చిపోయి ఉంటుంది! నొప్పి విషయంలో సైన్స్‌కి వందేళ్లకు పైగా జరిగింది దాదాపు ఇదే. కదలటం లేదంటే నొప్పి లేదనుకున్నారు. అది మొదట కప్పలతో, కుక్కలతో మొదలై, చివరికి మనుషుల పిల్లల దాకా వచ్చింది. అందుకే కథ అక్కణ్ణుంచే చెప్తాను.

దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు బాణాల మొనలకి పూసే విషం ఒకటుంది, పేరు క్యురారే. అది రక్తంలో కలిస్తే జంతువు కండరాలన్నీ చచ్చుబడిపోతాయి. ఊపిరి తీసే కండరాలూ పడిపోతాయి, దాంతో చనిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఈ విషం ఎలా పనిచేస్తుందో చూడాలనుకున్నాడు. ఒక కప్ప తీసుకుని, దాని వెనక కాళ్లలో ఒకదానికి పైన దారంతో బిగించాడు. నరాన్ని వదిలేసి, రక్తం మాత్రం ఆ కాలికి వెళ్లకుండా కట్టాడు. తర్వాత క్యురారే ఇచ్చాడు. మందు ఒళ్లంతా పాకింది, ఆ ఒక్క కాలికి మాత్రం చేరలేదు. కప్ప కదలకుండా పడిపోయింది. అప్పుడు చచ్చుబడిన భాగంలో చర్మాన్ని గిల్లితే, దారం కట్టిన కాలు తన్నింది.

ఒక్క క్షణం ఆగి ఇది ఆలోచించండి. గిల్లింది ఒకచోట, తన్నింది ఇంకోచోట. అంటే కబురు లోపలికి వెళ్తోంది! చర్మం నుంచి వెన్నుపాము దాకా దారి బాగానే ఉంది. చెడిపోయింది బయటికొచ్చే దారి, అదీ చిట్టచివర, నరం కండరాన్ని తాకే చోట. కప్ప దాన్ని "బాధ"గా అనుభవించిందా అనేది వేరే ప్రశ్న, దానికి ఈ ప్రయోగం ఒక్కటే జవాబు కాదు. కానీ బెర్నార్డ్‌కి విషయం అర్థమైంది. 1864లో ఆయన రాసిన వ్యాసంలో, క్యురారే చావు పైకి ఎంతో ప్రశాంతంగా కనపడుతుంది కానీ లోపల మనిషి ఊహకందని భయంకరమైన యాతన ఉంటుందని రాశాడు. అంత తెలిసీ క్యురారే వాడటం ఆపలేదు. ఇంట్లో ఆయన భార్యకి ఈ పనులు గిట్టలేదు. చివరికి విడిపోయింది. ఆవిడా కూతుళ్లూ జంతువుల పక్షాన నిలబడ్డారు.

ఇక్కడ క్యురారే ల్యాబ్ వాళ్లకి ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలి. కట్టేసిన కుక్క గింజుకుంటే కొలతలు సరిగ్గా రావు. క్యురారే ఇస్తే బొమ్మలా పడుంటుంది, ఊపిరి మాత్రం కృత్రిమంగా కొడితే చాలు. చూసేవాళ్లకీ ఇబ్బంది ఉండదు, అరుపులుండవు కదా. ఈ మోసాన్ని చట్టంలో పట్టుకున్న మొదటి దేశం బ్రిటన్. 1876లో వాళ్లు జంతు ప్రయోగాల మీద తెచ్చిన చట్టంలో ఒక క్లాజు ప్రత్యేకంగా పెట్టారు, క్యురారేని మత్తుమందుగా లెక్కించడానికి వీల్లేదని. అన్ని మందులుండగా ఒక్క మందు పేరు పట్టుకుని చట్టంలో రాశారంటే, దాన్ని ఎంతగా వాడుకుంటున్నారో మీరే ఊహించుకోండి.

1940ల్లో క్యురారే మనుషుల ఆపరేషన్లలోకి వచ్చింది. మత్తుతో పాటు ఇస్తే కండరాలు వదులవుతాయి, సర్జన్‌కి పని సులువవుతుంది. అయితే దీనికి కొంచెమైనా మత్తు గుణం ఉందా లేదా అని డాక్టర్లలో వాదన నడిచింది. 1947లో స్కాట్ స్మిత్ అనే అమెరికన్ మత్తు డాక్టరు తన మీదే ప్రయోగం చేయించుకున్నాడు. ఊపిరి ఆగిపోవడానికి సరిపోయే దానికంటే ఎక్కువ డోసే ఎక్కించుకున్నాడు, పక్కన వాళ్లు ఆయన ఊపిరి కొడుతున్నారు. తేరుకున్నాక ఆయన చెప్పింది ఇదీ: మొదటి నుంచి చివరిదాకా పూర్తి స్పృహలో ఉన్నాను, అన్నీ వినపడ్డాయి, నొప్పి తెలిసింది. కప్ప చెప్పలేకపోయింది, ఈయన చెప్పాడు. ఇంతటితో విషయం తేలిపోవాలి కదా?

తేలలేదు. 1985లో వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఒక బాబుకి గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. ఇచ్చింది కండరాలు కదలకుండా చేసే మందు మాత్రమే. నొప్పి తెలియకుండా ఏమీ ఇవ్వలేదు. కొన్ని వారాలకి బాబు చనిపోయాడు. తర్వాత రికార్డులు చూసినప్పుడు తల్లికి సంగతి తెలిసింది, ఆవిడ ఊరుకోలేదు. పత్రికలకెక్కింది, అప్పుడు బయటి ప్రపంచానికి తెలిసిందేమంటే, ఇది ఒక్క డాక్టరు చేసిన పని కాదు, చాలాచోట్ల మామూలుగా జరిగేదే అని. డాక్టర్ల వైపు కూడా వినాలి. అంత చిన్న ప్రాణానికి మత్తుమందు ఇస్తే గుండె ఆగిపోతుందేమోనన్న భయం ఉత్తదేం కాదు. దాంతో పాటు ఒక నమ్మకం కూడా ఉండేది, పసిపిల్లల నరాలు ఇంకా పూర్తిగా తయారు కావు, వాళ్లకి నొప్పి మనలా తెలియదు, తెలిసినా గుర్తుండదు అని. మన ఇళ్లల్లో కూడా ఈ మాట వినే ఉంటారు, "పసిగుడ్డు, దానికేం తెలుసు" అని.

దీన్ని లెక్కలతో తేల్చినవాడు మనవాడే, కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్. ఇండోర్‌లో మెడిసిన్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆయన బృందం స్టడీలో, నెలలు నిండని పిల్లల్లో ఒక గ్రూపుకి అప్పట్లో వాడుకలో ఉన్నట్టే నైట్రస్ ఆక్సైడ్, క్యురారే ఇచ్చారు. రెండో గ్రూపుకి వాటితో పాటు ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు కలిపారు. పిల్లలు నోటితో చెప్పలేరు, మందు వల్ల కదలలేరు కూడా. అందుకని రక్తంలో హార్మోన్లు కొలిచారు. ఫెంటనిల్ లేని పిల్లల్లో ఆ ఒత్తిడి హార్మోన్లు బాగా పైకి వెళ్లాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువొచ్చాయి. అదే ఏడాది అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసికందులకీ మత్తు, నొప్పి మందు ఇవ్వాలని ప్రకటించింది. క్యురారే మత్తు కాదని కుక్కల కోసం చట్టం రాసి అప్పటికి 111 ఏళ్లు.

ఇప్పుడు ల్యాబ్ ఎలుక దగ్గరికి వద్దాం. ఈ పిల్లల కథకీ దానికీ నిజంగానే లింకు ఉంది. ఆ రోజుల్లోనే కెనడాలో కెన్నెత్ క్రెయిగ్ లాంటి సైకాలజిస్టులు పసిపిల్లల ముఖం చూసి నొప్పిని కొలిచే పద్ధతి తయారు చేస్తున్నారు. కనుబొమలు దగ్గరకొస్తాయి, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్కన ముడత పడుతుంది. ఒక్కో మార్పుకి ఒక్కో స్కోరు. ఇరవై ఏళ్ల తర్వాత అదే క్రెయిగ్, మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీలోని జెఫ్రీ మోగిల్ బృందంతో కలిసి, 2010లో నేచర్ మెథడ్స్‌లో ఒక పేపర్ వేశారు. మౌస్ గ్రిమేస్ స్కేల్. గ్రిమేస్ అంటే బాధతో ముఖం ముడుచుకోవడం. చిట్టెలుక ముఖం చూసి నొప్పి చెప్పే స్కేలన్నమాట.

నేను మొదటిసారి ఆ ఫొటోలు చూసినప్పుడు నవ్వొచ్చింది, ఎలుకకి ముఖకవళికలేంటని. కాసేపు చూస్తే నవ్వు పోతుంది. చూడాల్సినవి ఐదు. కళ్లు సన్నగా మూసుకుంటున్నాయా, ముక్కు మీద ఉబ్బు వచ్చిందా, బుగ్గ ఉబ్బిందా, చెవులు వెనక్కి వాలి ఒకదానికొకటి దూరంగా పోయాయా, మీసాలు మామూలుగా కాకుండా బిగుసుకుని గుత్తిలా నిలబడ్డాయా. ప్రతిదానికీ 0, 1 లేదా 2. లేదు, కొంచెం ఉంది, స్పష్టంగా ఉంది, అంతే. మత్తు, రక్తపరీక్ష, లక్షల మిషన్ ఏమీ అక్కర్లేదు. ఒక కెమెరా, నేర్చుకున్న కన్ను చాలు. ఆ పేపర్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. మెదడులో ఇన్సులా అనే భాగంలో కొంత దెబ్బతీసిన ఎలుకల్లో, నొప్పికి పొట్ట బిగబట్టడం మారలేదు, ముఖంలో బాధ మాత్రం తగ్గింది. మనుషుల్లో నొప్పి తాలూకు "అబ్బా, భరించలేను" అనే భాగానికి సంబంధం ఉన్న చోటు అదే. అంటే ముఖం ఉత్త రిఫ్లెక్స్‌ని కాదు, అనుభవానికి దగ్గరగా ఉన్నదాన్నేదో చూపిస్తోంది.

దీని తర్వాత వరసపెట్టి వచ్చాయి. 2011లో పెద్ద ఎలుకకి, తర్వాత కుందేలుకి, గుర్రానికి, పిల్లికి ఇలాంటి స్కేళ్లు తయారయ్యాయి.

మరి అంతకు ముందు నొప్పి ఎలా కొలిచేవారు? మన దగ్గర ఊరికో ఫార్మసీ కాలేజీ ఉంది కాబట్టి ఇది చూసినవాళ్లు చాలామందే ఉంటారు. హాట్ ప్లేట్, 55 డిగ్రీల వేడి పలక మీద ఎలుకని వదిలి, కాలు నాకడానికో ఎగరడానికో ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు. కాలు కాలిపోకుండా ఓ టైమ్ లిమిట్ పెట్టుకుని తీసేస్తారు. ఇంకోటి టెయిల్ ఫ్లిక్, 1941 నాటి పద్ధతి. తోక మీద వేడి కిరణం పడేలా పెడితే, ఎన్ని సెకన్లకి తోక లాక్కుంటుందో చూస్తారు. నొప్పి మందు పనిచేస్తే ఎక్కువసేపు పడుతుంది. నంబర్ వస్తుంది, గ్రాఫ్ వస్తుంది, రికార్డు బుక్కులో సంతకం పడుతుంది.

చిక్కేంటంటే, వెన్నుపాము మెదడు నుంచి తెగిపోయిన ఎలుక కూడా తోక లాక్కుంటుంది. అది వెన్నుపాములోనే జరిగిపోయే పని. మీరు వేడి గిన్నె మీద చెయ్యి పెడితే "అమ్మా" అనేలోపే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది చూడండి, అది. నడుం నొప్పితో ఆరు నెలలుగా నిద్రపట్టని మనిషి బాధ వేరు, వేడి గిన్నె మీంచి చెయ్యి లాక్కోవడం వేరు. రెండోది కొలిచి మొదటిదానికి మందు కనిపెడదామనుకున్నారు. అందువల్లే అన్ని మందులూ ఫెయిలయ్యాయని నేను అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ సబ్‌స్టెన్స్ పి అనే రసాయనాన్ని అడ్డుకునే మందుల కథ చూడండి. జంతువుల్లో నొప్పి తగ్గించాయి, పెద్ద కంపెనీలు దిగాయి, మనుషుల ట్రయల్స్‌లో నొప్పికి పనిచేయలేదు. ఆ కుటుంబంలోని ఒక మందు చివరికి కీమోథెరపీ వాంతులకి వాడకంలోకి వచ్చింది. కొలవడం సులువైనదాన్ని కొలిచి, కావాల్సిందే కొలిచామనుకోవడం. సాఫ్ట్‌వేర్‌లో రోజుకి ఎన్ని లైన్ల కోడ్ రాశావని అడిగే మేనేజర్లు ఉండేవాళ్లు, గుర్తొచ్చారు.

మా ఫీల్డ్ వాళ్లకి ఇక్కడ ఓ పని దొరికింది. ముఖం స్కోరు వేయడానికి మనిషి గంటల తరబడి ఫొటోలు చూడాలి. 2018లో ఒక బృందం డీప్ లెర్నింగ్ మోడల్‌తో చేసి చూసింది. తెల్ల చిట్టెలుకల ఫొటోలిచ్చి, నొప్పి ఉందా లేదా చెప్పమంటే దాదాపు 94 శాతం సరిగ్గా చెప్పింది. బాగుంది. అయితే డేటా పని చేసినవాళ్లకి వెంటనే డౌట్లు వస్తాయి, రావాలి కూడా. తెల్ల ఎలుక మీద నేర్చిన మోడల్ నల్ల ఎలుక ముఖం చూస్తే? ప్రపంచంలో ల్యాబుల్లో ఎక్కువగా వాడే రకాల్లో ఒకటి నల్లదే, నల్ల ముఖం మీద నల్ల కళ్లు, నీడ ఎక్కడో కన్ను ఎక్కడో మనకే తెలియదు. నిద్రొచ్చినా కళ్లు మూసుకుంటాయి. మత్తు వదులుతున్నప్పుడు ముఖం వేరేలా ఉంటుంది. పైగా మోడల్‌కి నేర్పింది మనిషి వేసిన లేబుళ్లే. ఆ మనిషి మనసులో "ఇది ఆపరేషన్ అయిన ఎలుక" అని ముందే తెలిసి ఉంటే స్కోరు అటే జరుగుతుంది. అందుకే స్కోరు వేసేవాళ్లకి ఏ ఫొటో ఏ గ్రూపుదో చెప్పకూడదు.

చూసే మనిషి వల్లే లెక్క మారిపోవడానికి ఇంతకంటే విచిత్రమైన ఉదాహరణ కూడా మోగిల్ ల్యాబ్ నుంచే వచ్చింది, 2014లో. గదిలో మగవాళ్లుంటే ఎలుకలు నొప్పి తక్కువ చూపిస్తున్నాయి! ఆడవాళ్లుంటే అలా లేదు. మనిషి అక్కర్లేదు, మగాడు రాత్రంతా వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా అంతే. కారణం వాసన. మగ జంతువు వాసన తగిలితే ఎలుకకి భయం, ఒత్తిడి, ఆ ఒత్తిడిలో నొప్పి అణిగిపోతుంది. యాక్సిడెంట్ అయిన వెంటనే లేచి నడిచేసి, ఇంటికొచ్చాక నొప్పి తెలిసినవాళ్లు ఉంటారు చూడండి, ఆ టైపు. ఆలోచించండి, ఎన్నేళ్ల డేటాలో ఎవరు పట్టుకున్నారన్నది రాయకుండానే వదిలేశారో! పట్టుకోవడం గురించి ఇంకోటి, తోక పట్టి ఎత్తడం. ల్యాబుల్లో అందరూ అలాగే ఎత్తేవారు. 2010లో ఇంగ్లండ్‌లో జేన్ హర్స్ట్ చేసిన పనిలో, చిన్న గొట్టంలోకి రానిచ్చి ఎత్తినా, దోసిట్లోకి తీసుకున్నా ఎలుకలకి బెదురు బాగా తగ్గుతుందని తేలింది. ఖర్చు ఒక ప్లాస్టిక్ గొట్టం.

సరే, నొప్పి ఉందని తెలిసింది. ఇప్పుడు మందు. ఇక్కడ కథ ముఖం కంటే బోరుగా ఉంటుంది కానీ అసలు పని ఇక్కడే. చిట్టెలుక బరువు పాతిక గ్రాములు. ఇంత చిన్న ఒంట్లో మందు త్వరగా కరిగిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఎక్కువగా ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ మామూలు ఇంజెక్షన్ కొన్ని గంటలే పనిచేస్తుంది. అంటే సాయంత్రం ఐదుకి ఆపరేషన్ చేసి, ఒక డోసు ఇచ్చి, లైటార్పి ఇంటికెళ్తే, అర్ధరాత్రికి ఆ ఎలుకకి ఏమీ లేదు. పొద్దున తొమ్మిదికి వచ్చి చూస్తే బతికే ఉంటుంది, "బానే ఉంది" అని రాస్తారు. అందుకే బాగా నడిచే ల్యాబుల్లో శుక్రవారం సాయంత్రం సర్జరీలు పెట్టుకోరు, లేదా నిదానంగా విడుదలయ్యే రకం మందు వాడతారు. కోత పెట్టక ముందే నొప్పి మందు ఇవ్వడం, కోత దగ్గర లోకల్ మత్తు వేయడం, మెలాక్సికామ్ లాంటి వేరే రకం మందు జోడించడం, మత్తులో ఒళ్లు చల్లబడకుండా కింద వేడి ప్యాడ్ పెట్టడం, ఇవన్నీ మనుషుల ఆపరేషన్‌లో ఎలాగో అలాగే.

ఎలుక స్వభావం దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. వేటాడబడే జంతువు బలహీనత దాచుకుంటుంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం కదా, అలాంటి బతుకులో కుంటుతూ కనపడితే అదే ఆఖరు. మనిషి గదిలోకి రాగానే బిగుసుకుపోయి మామూలుగా ఉన్నట్టు కూర్చుంటుంది. అందుకే మనిషి లేనప్పుడు ఏం చేసిందో చూడాలి. బోనులో కొత్త దూది ముక్క పెడితే, బాగున్న చిట్టెలుక కాసేపట్లో దాన్ని లాక్కెళ్లి గూట్లో కలిపేసుకుంటుంది. నొప్పితో ఉన్నది అలాగే వదిలేస్తుంది. గూడు ఎలా కట్టింది, బరువు ఎంత తగ్గింది, మట్టి తోడుతోందా లేదా, ఇలాంటివి రోజూ చూసేది సైంటిస్టు కాదు, బోన్లు కడిగి మేత పెట్టే అటెండర్. పేపర్లలో ఆయన పేరుండదు. కానీ "అన్నా, మూడో బోనులోది రాత్రి గూడు కట్టలేదు" అని చెప్పేది ఆయనే.

న్యూకాజిల్‌కి చెందిన పాల్ ఫ్లెక్నెల్ అనే వెటర్నరీ ప్రొఫెసర్, ఇంకొకరు కలిసి, ఎలుకలకి సర్జరీ చేసిన రీసెర్చ్ పేపర్లు తిరగేసి చూశారు. 1990ల మొదట్లో నొప్పి మందు ఇచ్చామని రాసినవి దాదాపు 3 శాతం. పదేళ్ల తర్వాత దాదాపు 20 శాతం. కొందరు ఇచ్చి కూడా రాయకపోయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. అయినా ఐదింట నాలుగు పేపర్లలో ఆ మాటే లేదు. ఎందుకివ్వలేదంటే ఎక్కువగా వినపడే జవాబు "నొప్పి మందిస్తే రిజల్ట్ పాడవుతుంది" అని. ఇందులో కొంత నిజం ఉంది. వాపు మీద స్టడీ చేస్తూ వాపు తగ్గించే మందు ఇవ్వలేం, వేరే రకం వెతకాలి. అయితే నొప్పి కూడా ఒక మందు లాంటిదే కదండీ! అది ఒత్తిడి హార్మోన్లని పెంచుతుంది, తిండి మాన్పిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, రోగనిరోధక శక్తిని మారుస్తుంది. దాని డోసు మన చేతిలో ఉండదు, ఒక్కో ఎలుకలో ఒక్కోలా ఉంటుంది. కొలవని ఆ తేడా కంటే, కొలిచి ఇచ్చిన మందు తేడాయే నయం. నాకైతే ఆ సాకు చాలాసార్లు రాత్రి రెండుకి లేచి వెళ్లే ఓపిక లేక చెప్పేదిలాగే అనిపిస్తుంది.

మన దేశంలో ఏముంది? 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం. దానికి మూలం, రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పెట్టిన ప్రైవేటు బిల్లు. అవును, భరతనాట్యం, కళాక్షేత్ర రుక్మిణీదేవే. ఆ చట్టంలో 17వ సెక్షన్ ఒకసారి చదవండి, రెండు పేజీలుండదు. కోతలుండే ప్రయోగాలు వీలైనంతవరకు నొప్పి తెలియనంత బలమైన మత్తులో చేయాలి, మత్తులో ఉండగా తేరుకుంటే తీవ్రంగా బాధపడేంత గాయమైతే మామూలుగా స్పృహ రాకముందే చంపేయాలి, చేతి అలవాటు కోసం మాత్రమే ప్రయోగాలు వీలైనంతవరకు చేయకూడదు. దీని కింద కేంద్రంలో ఒక కమిటీ, ప్రతి సంస్థలో ఒక ఎథిక్స్ కమిటీ ఉంటాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయినా, జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీ అయినా, ఎలుక మీద పని మొదలెట్టాలంటే ఆ కమిటీ ముందు ఫారం పెట్టాలి. అందులో బయటి సంస్థ సైంటిస్టు, సామాజిక స్పృహ ఉన్న ఒక బయటి సభ్యుడు కూడా ఉండాలి. ఫారంలో మత్తు ఏంటి, నొప్పి మందు ఏంటి అన్నది రాయాలి. నాకు ఈ చట్టంలో నచ్చని మాట "వీలైనంతవరకు". ఎవరికి వీలు?

ఒకటి మాత్రం మారింది. ఇందాక చెప్పిన హాట్ ప్లేట్, టెయిల్ ఫ్లిక్ ఇప్పుడు బీ.ఫార్మసీ పిల్లలకి సాఫ్ట్‌వేర్‌లో, వీడియోల్లో చూపిస్తున్నారు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అందులో బాగా తెలిసినది. జవాబు ముందే తెలిసిన ప్రయోగానికి, మార్కుల కోసం, ఏటా కొత్త ఎలుకని వేడి పలక మీద పెట్టక్కర్లేదు. కోడ్ రాసేవాళ్లుగా మనం చేయగలిగిన మంచి పనుల్లో అదొకటి.

చివరిగా ఒక మూల మిగిలింది, దాన్ని దాటేయలేను. కొన్ని ప్రయోగాల్లో నొప్పే సబ్జెక్టు. నరం దెబ్బతింటే వచ్చే నొప్పి మీద మందు వెతకాలంటే, ఆ నొప్పి ఉన్న జంతువు కావాలి, దానికి వేరే నొప్పి మందు ఇస్తే ప్రయోగమే లేదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1983లో వీటికోసం కొన్ని నియమాలు రాసింది. వాటిలో ఒకటి, వీలైన చోట నొప్పి కలిగించే ఆ వేడినో ఒత్తిడినో ముందు మీ మీద మీరు పెట్టుకుని చూడండి అని. ఇంకోటి, జంతువుకి తప్పించుకునే దారి వీలైనంతవరకు ఉండాలని. నొప్పి అవసరమైనంత కంటే ఎక్కువసేపు, ఎక్కువ తీవ్రంగా ఉండకూడదని. ఫలానా హద్దు దాటితే అక్కడితో ఆపేస్తామని మొదలుపెట్టక ముందే రాసిపెట్టుకునే పద్ధతి ఇప్పుడు నడుస్తోంది. ఉదాహరణకి బరువు ఐదో వంతు తగ్గితే, ప్రయోగం ఎంత ముఖ్యమైనదైనా ఆ జంతువు వరకు ముగిసినట్టే.

ఇలాంటి పని నుంచే వచ్చిన ఫలితం ఒకటి చెప్పాలి, లేకపోతే లెక్క ఒకవైపే అవుతుంది. 1996లో లండన్ బృందం ఎలుక నొప్పి నరాల్లో ఒక సోడియం చానెల్‌ని కనిపెట్టింది, ఎన్ఏవీ 1.8. దాన్ని మూసే మందు సుజెట్రిజిన్‌కి 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత వచ్చే లాంటి తీవ్రమైన నొప్పికి, మార్ఫిన్ జాతికి చెందని మందు. మార్ఫిన్ లాంటి మందులకి అలవాటుపడి అమెరికాలో ఎంతమంది పోయారో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుసు. ఆ 1996కీ 2025కీ మధ్య ఎన్ని ఎలుకలు, ఎంత నొప్పి, నా దగ్గర అంకె లేదు. ఆ అంకె ఎవరో ఒకరు రాసి ఉంచాలని నా అభిప్రాయం. సైడ్ ఎఫెక్టుల కాగితం ఇస్తారు కదా, అలాగ.

మీలో ఫార్మసీ, వెటర్నరీ, బయోటెక్ వాళ్లుంటే ఒక చిన్న పని. ఈసారి మీ ల్యాబ్ ఎథిక్స్ ఫారం చేతికొచ్చినప్పుడు, నొప్పి మందు రాసే చోట ఏముందో చూడండి. పోయినేడాది ఫారం నుంచి కాపీ చేసిందా, లేక రాత్రి డోసు ఎవరిస్తారో పేరుతో సహా రాసి ఉందా? ఏముందో నాకూ చెప్పండి, సంస్థ పేరు అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో చేపలకి నొప్పి తెలుస్తుందా అన్న వాదన చూద్దాం, అది ఇంకా ముదురు గొడవ. ఉంటానండి.